మాళా మీద మూడు రోజులు

"నల్లా వచ్చింది, దర్శనా!" అని కింది నుంచి అత్తమ్మ పిలిచింది. పిలిచి తనే నాలుక కరుచుకుంది. "అయ్యో, నువ్వు బయటున్నవు గదా. నేనే పట్టుకుంట తియ్యి."

బయట అంటే మా ఇంట్ల పైన. ముంబై కామాటిపుర పదకొండో గల్లీల మాది ఒక్కటే గది. అందులో సగం మేర, పైకప్పుకు కిందగా చెక్కలేసి కట్టిన మాళా ఉంది. నిలబడితే తల తగుల్తది. నెలకు మూడు రోజులు పొయ్యినీ నీళ్ళనీ ముట్టుకోవద్దు కాబట్టి నిచ్చెనెక్కి అక్కడ కూసోవాలె. పెళ్ళైన కొత్తల ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడ్వను. ఆ మూడు రోజులే నన్నెవరూ ఏ పనికీ పిలవరు. మిగిలిన రోజుల్లో నా ఒక చెవి ఆఫీసు కాల్‌కు, ఇంకొక చెవి కుక్కర్‌కు.

నాది ఇంట్ల కూసొని చేసే బ్యాంకు కంప్యూటర్ పని. కెనడాల ఒక బ్యాంకు. పేరు బయట చెప్పొద్దని సంతకం పెట్టించుకున్నరు. పైకి యాప్‌లు, రంగులు ఎన్నున్నా లోపల ఖాతాలన్నీ నడిపేది మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద యంత్రమే. ప్రపంచంల చాలా పెద్ద బ్యాంకులు ఇప్పటికీ దాని మీదనే నడుస్తయి. నేను పుట్టకముందు ఎవరో కోబాల్ అనే కంప్యూటర్ భాషల రాసిన ప్రోగ్రాములు పగటి లావాదేవీలన్నీ రాత్రి వరసగా తీరుస్తయి. అట్ల నడిచే ఒక్కొక్కదాన్ని జాబ్ అంటం. వాళ్ళ రాత్రి మాకు పొద్దుగాల, అంటే సరిగ్గా నల్లా వచ్చే టైము. మా ఆయన స్వప్నిల్ ఫోన్ యాప్‌లు చేస్తడు. "నీది మ్యూజియం పని యార్," అని దోస్తుల ముందట నవ్వుతడు. ఆయనకు మీటింగ్ ఉంటే టీవీ బంద్, మిక్సీ బంద్, అత్తమ్మ దగ్గు గూడ బంద్. నా కాల్ నడుస్తుంటే మాత్రం "దర్శనా, చాయ్!" మ్యూట్ నొక్కి ఎన్ని చాయ్‌లు పెట్టిన్నో! పోయిన వారం ఒక జాబ్ ఆగిపోయినప్పుడు నేను బకెట్ పట్టుకొని నల్లా కాడ వరసల ఉన్న. మేనేజర్ అతుల్ ఇరవై నిమిషాలు చూసి, "ఇంకొక్కసారి ఇట్లయితే ఈ పని వేరేవాళ్ళకు ఇచ్చేస్త," అన్నడు. ఇచ్చేస్తే ఆరేండ్ల నా చదువు, నా నౌకరీ ఆడికే ఖతం.

ఇవ్వాళ ఆరు నెలల వడ్డీ వేసే రోజు. అందుకే లేవంగనే అబద్ధమాడిన. "అత్తమ్మా, బయటున్న."

పదిన్నరకు వడ్డీ జాబ్ ఆగిపోయింది. "పన్నెండుకల్లా మళ్ళ నడవాలె దర్శనా. లేకుంటే అక్కడ తెల్లారేసరికి ఖాతాలు తెరుచుకోవు," అన్నడు హెడ్‌ఫోన్‌ల అతుల్. లక్షల ఖాతాలల్ల ఎక్కడో ఒకదాంట్ల అంకె ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. యంత్రం దాన్ని కూడలేక నిలబడిపోయింది. దాన్ని పట్టుకోవాలంటే నిమ్మళంగ చదవాలె. అట్ల చదవడం నాకు వచ్చు. ఆ సంగతి ఈ ఇంట్ల ఎవరికీ తెల్వదు.

కింద అత్తమ్మ వేళ్ళ మీద దినాలు లెక్కబెడుతున్నది. "మొన్న ఏకాదశికి కూసున్నది గదరా ఈ పిల్ల. పదకొండు దినాలు గూడ కాలే, మళ్ళనా? కడుపుల గడ్డగిట్ట ఉన్నదో ఏమో! మా చెల్లె నర్సమ్మకు గిట్లనే మొదలైంది. స్వప్నిల్, లే. గ్రాంట్ రోడ్ డాక్టరమ్మ పన్నెండు దాకనే ఉంటది." ఆ గొంతుల కోపం లేదు, భయమే ఉన్నది. తిట్టి ఉంటే ఓర్చుకుందును. అయినా చదువుతనే ఉన్న.

స్వప్నిల్ నిచ్చెన ఎక్కిండు. "చల్, తయారవ్వు. అతుల్‌కు నేను మెసేజ్ పెడుత, బాగలేదని."

"నలభై నిమిషాలు ఆగు."

"పానం కన్న ఎక్కువనా ఈ డబ్బా?" అని ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యేసిండు.

ఆ ఖాతా అప్పుడే దొరికింది నాకు. మూత పడబోతున్నది. ఆయన మణికట్టు గట్టిగ పట్టుకున్న.

"అయ్యో, ముట్టకే!" అని కింది నుంచి అత్తమ్మ ఒర్లింది.

"ముట్టొచ్చు, అత్తమ్మా. నేను బయట లేను. ఏ రోగం లేదు. పని చేసుకుందామని అబద్ధం చెప్పిన."

హెడ్‌ఫోన్‌ల అతుల్ "దర్శనా, ఉన్నవా?" అంటున్నడు. "ఆ ఒక్క ఖాతా పక్కన పెట్టి మిగతావి నడిపించు," అని నంబరు చెప్పిన. అప్పటికి పదకొండున్నర.

అత్తమ్మ నిచ్చెన పట్టుకొని పైకి చూసింది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నయి. "అంటే నువ్వు మంచిగనే ఉన్నవు. మరి అరవై రెండేండ్ల దాన్ని, నేనెందుకే బకెట్లు మోసిన?"

సిగ్గయింది నాకు. కోపం గూడ వచ్చింది. "స్వప్నిల్ లేచే ఉండె, అత్తమ్మా. ఫోన్ చూసుకుంట పండుకొని ఉండె."

ఆమె కొడుకు దిక్కు చూసింది. ఆయన నిచ్చెన మెట్టు మీదనే ఆగి, చెయ్యి రుద్దుకున్నడు. స్క్రీన్ మీద జాబ్ నడవడం మొదలైంది. "మస్త్, దర్శనా!" అని చెవిల అతుల్ అరిచిండు.

"సరే, అయిందేదో అయింది," అన్నడు స్వప్నిల్, గొంతు తగ్గించి. "ఏం లేదంటున్నవు గదా. దిగు మరి."

"దిగను," అన్న. "రేపటి నుంచి మంచిగున్న రోజులు గూడ నా డ్యూటీ టైముల పైననే కూసుంట."