పీటల మీద కొడుకు

వెంకటదుర్గ కువైట్ వదిలి అమలాపురం వెళ్ళిపోవాలి. మొగుణ్ణి వెంట తీసుకెళ్ళాలి. మొగుడు రోడెల్ ఫిలిప్పీన్స్ వాడు, అల్ రాయ్‌లో కార్ల ఏసీలు బాగుచేస్తాడు. దుర్గ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే క్లినిక్ మూతపడబోతోంది. ఉద్యోగంతోపాటు అక్కడ ఉండనిచ్చే ఇఖామా కూడా పోతుంది. రోడెల్‌కి ఓసీఐ కార్డు వచ్చిందా, ఇద్దరూ కలిసి వెళ్ళి మన దేశంలో జీవితాంతం ఉండొచ్చు. రాలేదా, ఆమె అమలాపురానికి, అతను మనీలాకి. టూరిస్టు వీసా మీద మొగుణ్ణి ఎన్నాళ్ళని చుట్టంలా ఉంచుకుంటుంది? పెళ్ళాం తన మొగుణ్ణి తన దగ్గర ఉంచుకోవడానికి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాలన్న ఆలోచన ఏ బుర్రలో పుట్టిందో గానీ, పెట్టుకోవాలి. పెట్టుకుంది.

అర్జీ గట్టిదే. పెళ్ళి మన ఎంబసీలోనే రిజిస్టరయింది, రెండేళ్ళు దాటింది. అడిగిన కాగితాలన్నీ ఉన్నాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ గొడవే లేదు. కానీ కాగితం ఎంత ఎక్కువ పెడితే అంత బలమనుకునే జాతి మనది. దరఖాస్తు కొట్టిపెట్టిన టైపింగ్ షాపు అన్వర్ బాషా కడప మనిషి. అడిగింది ఇస్తే అతనికి తృప్తి లేదు.

"పెండ్లి ఫోటోలు, శుభలేఖ కూడా ఎయ్యి మా. ఫైలు లావుగా ఉంటే ఆఫీసరుకు భయముంటాది," అన్నాడు.

దుర్గ వేసింది.

ఎంబసీ కిటికీ వెనక ఆఫీసరు విజయవాడ ఆయన. కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూ శుభలేఖ దగ్గర ఆగాడు.

"అమ్మా, ఈ చిరంజీవి సూర్యకిరణ్ ఎవరు?"

"ఈయనేనండి."

"ఈయన రోడెల్ కదా. ఇక్కడేమో భీమరాజు, సూరాయమ్మల ఏకైక కుమారుడు సూర్యకిరణ్ అని అచ్చేశారు. మీరు పెళ్ళి చేసుకున్నది ఎవర్ని, తీసుకొచ్చింది ఎవర్ని?"

రోడెల్ కిటికీలోకి వంగి నవ్వాడు. "ఆయ్. ఇద్దరూ నేనేనండి."

కోనసీమ యాసలో వచ్చిన ఆ జవాబుతో ఆఫీసరు అనుమానం ఇంకా పెరిగింది. ఇద్దరూ ఒకరేనని ఆ తల్లిదండ్రులు అఫిడవిట్ తెచ్చి తన ఎదుట సంతకం పెట్టాలన్నాడు. అందాకా ఫైలు కదలదన్నాడు. తప్పేం లేదు, అతని పని అతను చేశాడు.

జరిగింది ఇదీ. వారమంతా దజీజ్ గోడౌన్‌లో సూపర్‌వైజరుగా ఉండి శుక్రవారం పురోహితుడయ్యే ఒకాయన దుర్గ పెళ్ళి చేయించాడు. వరుడికి గోత్రం లేనిదే సంకల్పం చెప్పనని ముహూర్తం పెట్టేటప్పుడే కూర్చున్నాడు. రోడెల్‌కి గోత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవరైనా దంపతులు దత్తత తీసుకుంటే వాళ్ళ గోత్రం వస్తుందన్నాడు. దుర్గకి తెలిసిన దంపతులు భీమరాజు, సూరాయమ్మ. కోనసీమ వాళ్ళే, పిల్లల్లేరు. భీమరాజు మంగఫ్‌లో కంపెనీ బస్సు నడుపుతాడు. సూరాయమ్మ ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. ఇద్దరూ పీటల మీద కూర్చుని రోడెల్‌ని కొడుకన్నారు. సూర్యకిరణ్ అన్న పేరు సూరాయమ్మే పెట్టింది, శుభలేఖలోనూ తనే వేయించింది. భీమరాజు దృష్టిలో అది ఆ పూట ముచ్చట. భోజనాలతో ఖలాస్.

అఫిడవిట్ అనేసరికి ఆయనకి వణుకు పుట్టింది.

"విదేశీయుణ్ణి దత్తత చేసుకున్నానని కాగితం మీద పెడితే నన్ను లోపలేయరూ? పైగా రేపు నా ఇంట్లో వాటా అంటే?"

"రెండు గదుల రేకుల కొంపలో వాటాకి మనీలా నుంచి వస్తాడా మావయ్యా?" అంది దుర్గ.

"ఎందుకైనా మంచిదమ్మా."

అన్వర్ బాషా ఉన్నాడుగా. "నువ్వేం భయపడాకు సామీ, గట్టిగా ఒక మాట ఎక్కిస్తా," అని ఎక్కించాడు.

ఎంబసీకి రావాల్సిన రోజు సూరాయమ్మ, తను మామా అని పిలిచే యజమానురాలి దగ్గర సెలవు అడిగింది.

"కొడుకు పని మీద వెళ్ళాలి మామా."

"నీకు కొడుకెక్కడున్నాడు?" అని మామా ఆశ్చర్యపోయింది.

"అల్ రాయ్‌లో," అంది సూరాయమ్మ, చెప్పులు వేసుకుంటూ.

కిటికీ దగ్గర భీమరాజు తన సంతకం పెట్టేసి పెన్ను చేతికిస్తే సూరాయమ్మ తీసుకోలేదు. "ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమ్మా, దేని కింద పెడుతున్నానో తెలియాలిగా."

దుర్గ చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. శుభలేఖలోని సూర్యకిరణ్, పాస్‌పోర్టులోని రోడెల్ ఒకరే. ఆ పేరు పెళ్ళి తంతు కోసం పెట్టినది. తర్వాతి వాక్యం దగ్గర దుర్గ గొంతు తగ్గింది. దాటేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. దాటలేదు.

"సదరు వ్యక్తి మాకు ఏ విధంగానూ కొడుకు కాడు."

సూరాయమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఎవడు రాయించాడండీ ఇది?"

"లీగల్ మాటే అది. పెట్టెయ్యవే, జనం వెనకాల ఉన్నారు."

"ఉండనీండి. మంత్రాలప్పుడు కొడుకూ, స్టాంపులప్పుడు కాదూనా? నేను పెట్టను."

"అత్తా," అంది దుర్గ. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. "ఇది పడకపోతే ఫైలు కదలదు. ఈయన అటు, నేను ఇటు పోతాం. ఒక్క మాటే కదత్తా."

"నీ మొగుణ్ణి నీ దగ్గరుంచడానికి నా కొడుకుని కాదనమంటావా? ఇదెక్కడి న్యాయమే?"

రోడెల్ మెల్లగా అన్నాడు. "అమ్మా, పెట్టండి. నాకు తెలుసుగా, నేను మీ కొడుకునే. పేపరు ఏమన్నా పర్లేదండి."

"నువ్వు నోరుముయ్యి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఏంటి?"

రోడెల్ నోరు మూసుకున్నాడు. సూరాయమ్మ పెన్ను లాక్కుని, ఆ వాక్యం ఎక్కడుందో దుర్గ చేత చూపించుకుని, కాగితం చిరిగేంత గట్టిగా దాని మీద గీత గీసింది. కింద తెలుగులో నిండుగా సంతకం పెట్టి కిటికీలోకి తోసింది.

దుర్గ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖలాస్, అంతా పోయింది అనుకుంది.

ఆఫీసరు కాగితం ఎత్తి చూశాడు. "ఏం కొట్టేశారమ్మా?"

"అబద్ధం కొట్టేశానండి."

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇద్దరూ ఒకరేనని రాయమన్నాను గానీ, ఈ మాట నేను అడగలేదే. ఎవరు పెట్టమన్నారు?"

అందరూ భీమరాజు వైపు చూశారు. భీమరాజు పైకప్పు వైపు చూశాడు.

"చట్టం లెక్కన పెద్దవాణ్ణి ఇలా దత్తత చేసుకోవడం చెల్లదు, అది మీకు తెలియాలి," అన్నాడు ఆఫీసరు. "మీ ఇంట్లో మీరు ఎవర్ని కొడుకనుకుంటారన్నది నాకు అనవసరం. ఇది లేకపోయినా నా పని జరుగుతుంది. కొట్టేసిన చోట ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టండి చాలు."

సూరాయమ్మ టక్కున పెట్టింది. భీమరాజు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

"అంటే సార్, ఇక్కడ నేను పెడితే, కాదన్న మాట కాదని నేనూ ఒప్పుకున్నట్టేనా అండి?"

"అంతేనండి."

భీమరాజు రోడెల్‌ని ఎగాదిగా చూశాడు. రోడెల్ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బడిలో చేర్చడానికి తెచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు. నలభైకి దగ్గర పడ్డ పిల్లాడు.

"పెట్టండి, వెనకాల జనం ఉన్నారు," అంది సూరాయమ్మ.

"పెడుతున్నానే! ఆవిడకి కొడుకైనవాడు నాకు కాకుండా ఎక్కడికి పోతాడండీ," అని ఆఫీసరుకి చెప్పుకుంటూ గీకేశాడు.

స్టాంపు పడింది. ఫైలు కదిలింది.

బయట ఎండలో భీమరాజు రోడెల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్, సంతకం పెట్టానని ఆస్తి అడిగేవు. నాకున్నదల్లా మీ అమ్మ కోపం. కావలిస్తే సగం తీసుకో."

"వద్దండి. మీరే ఉంచుకోండి నాన్నా," అన్నాడు రోడెల్.

దుర్గ పగలబడి నవ్వింది, ముక్కు తుడుచుకుంటూ.

క్లినిక్ తలుపులు మూసేలోపే కార్డు వచ్చింది. ఆ వారమే టిక్కెట్లు తీశారు. సూరాయమ్మ ఊళ్ళో ఉన్న అత్తగారికి ఫోన్ చేసింది. మనవడు వస్తున్నాడనీ, కారం తినలేడు కాబట్టి చేపల పులుసు చూసి చెయ్యమనీ చెప్పింది. ఏ మనవడే అని ముసలావిడ అరుస్తూనే ఉంది. సూరాయమ్మ ఫోన్ పెట్టేసింది.