ఆయన జేబులో ఆవిడ

ప్రయాణం రోజు పొద్దున ఆ ఇంట్లో జరిగింది మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. ఇంటాయన బీరువా తాళం తీసి, లోపలి అరలోంచి చిన్న తోలు సంచీ ఒకటి బయటికి తీశాడు. తన గుర్తింపు కార్డు ఉందో లేదో చూసుకున్నాడు, భార్య కార్డు ఉందో లేదో చూసుకున్నాడు, జిప్పు లాగి సంచీని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నా కార్డు నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోనా?" అందావిడ బట్టలు మడతపెడుతూ.

"ఎందుకే? ఎక్కడో పెట్టి మర్చిపోతావు, ఆనక ఇల్లంతా పీకి పందిరేస్తావు. నా దగ్గరుంటే భద్రం."

ఆవిడ సరేనంది. పెళ్లయిన దగ్గర్నుంచీ సరేనంటూనే ఉంది కాబట్టి, ఇందులో అనుకోవడానికేమీ లేదని మీరూ అనుకోవచ్చు.

ఆయన ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. బోల్టు కావాలన్నా, బల్బు కావాలన్నా ఆయన సంతకం లేనిదే బయటికి రాదు. అన్నీ ఒక్కచోట ఉండాలి, ఆ చోటు తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి, ఇదీ ఆయన ఉద్యోగ సూత్రం. ఆ సూత్రాన్ని ఇంటికీ తెచ్చుకున్నాడు. భార్య ఫోను సిమ్ము ఆయన పేరునే తీసుకున్నాడు. ఆవిడ కార్డుకు జతచేసిన ఫోను నంబరు ఆయనదే. ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది, ఆ కుట్టుపనికి తీసుకున్న లైసెన్సు కూడా ఆయన పేరునే ఉంది. ఆఫీసుల చుట్టూ తిరగడం ఆవిడకెందుకని ఆయన ఉద్దేశం. కొడుకు కాలేజీలో చేరినప్పుడు మాత్రం వాడి కార్డు వాడి చేతిలో పెట్టేశాడు. మగపిల్లాడు, నాలుగు చోట్లకీ తిరిగేవాడు కదా అన్నాడు.

ఆయన్ని దుర్మార్గుడనుకుంటే పొరపాటు. చెయ్యెత్తి ఎరగడు, గట్టిగా కసరడు కూడా. భార్యంటే ప్రాణం. చిక్కంతా అక్కడే ఉంది. దుర్మార్గుడైతే ఎవరో ఒకరు నిలదీసేవాళ్లు. మంచివాణ్ణి ఎవరు అడుగుతారు?

ఇక ప్రయాణం సంగతి. ఆవిడకు ఒక చెల్లెలుంది. తల్లి పోయాక అక్క చేతుల మీదుగానే పెరిగింది. ఇప్పుడు దూరాన ఒక పెద్ద ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ, ఆడవాళ్ల హాస్టల్లో ఒంటరిగా ఉంటోంది. గుండెలో కవాటం పాడైందన్నారు, మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. చెల్లెలు ధైర్యం గల మనిషే. కానీ రెండ్రోజుల క్రితం ఫోన్లో, "అక్కా, నన్ను లోపలికి తీసుకెళ్లేముందు నువ్వు కనపడాలి. కనపడితే చాలు, ఇంకేం అడగను," అంది. అది విన్న దగ్గర్నుంచీ అక్కకి కాలూ చెయ్యీ ఆడలేదు. బస్సులో అయితే సమయానికి చేరలేమని విమానం టికెట్లు కొన్నారు. ఆవిడ విమానం ఎక్కడం అదే మొదలు.

విమానాశ్రయానికి పోయే బస్సులో ఆయన మాటిమాటికీ సంచీ తీసి చూసుకున్నాడు. జిప్పు తీయడం, రెండు కార్డులూ చూడడం, జిప్పు వేయడం.

"అబ్బా, ఎన్నిసార్లు చూస్తారండీ! అందులోంచి లేచిపోతాయా ఏం?" అని ఆవిడ నవ్వింది కూడా.

చివరిసారి చూసుకుంటుండగా బస్సు ఆగింది. జనం లేచారు. ఆయన సంచీని పక్కన సీటు మీద పెట్టి, పై అరలోంచి సూట్‌కేసు దింపాడు. ఇద్దరూ దిగారు. బస్సు వెళ్లిపోయింది. లోపలికి వెళ్లే తలుపు దగ్గర వరసలో నిలబడ్డాక ఆయన చెయ్యి జేబులోకి వెళ్లి, ఖాళీగా బయటికొచ్చింది.

బస్సు కంపెనీకి ఫోన్ చేస్తే, బండి మళ్లీ ఊళ్లోకి తిరిగిందనీ దొరికితే చెబుతామనీ అన్నారు. కార్డుల ఫొటోలు ఫోన్లో ఉన్నాయా అని తలుపు దగ్గర మనిషి అడిగాడు. ఫోన్లో పెడితే ఎవడైనా కొట్టేస్తాడని ఆయన ఏనాడూ పెట్టలేదు. అంత జాగ్రత్తపరుడు.

కార్డు పోగొట్టుకున్నవాళ్ల కోసం అక్కడ విడిగా ఒక గది ఉంది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. బల్ల వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ, భద్రతాధికారి. పద్ధతి సులువైనదే. ప్రయాణికుణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి, రికార్డుల్లో ఉన్న సంగతులు అడుగుతారు. కార్డుకు జతచేసిన ఫోనుకు ఒక కోడ్ పంపుతారు. అన్నీ సరిపోతే పంపించేస్తారు, లేకపోతే లేదు.

ముందు ఆయన వెళ్లాడు. పుట్టిన తేదీ, చిరునామా, బ్యాంకు, ఫ్యాక్టరీ నంబరు, ఫోన్లో కోడ్, అన్నీ గడగడా చెప్పాడు. వెళ్లినంత తొందరగానే ఆమోదం ముద్రతో బయటికొచ్చాడు. "ఏం లేదే, ఊరికే అడుగుతారు. కంగారు పడకు," అని భార్య వీపు తట్టి లోపలికి పంపించాడు.

"ఫోనుకు కోడ్ వచ్చిందా అమ్మా?" అంది అధికారి.

ఆవిడ తన ఫోను చూసుకుంది. ఏమీ రాలేదు.

"ఆయన ఫోనుకు వచ్చుంటుందండీ. పిలవమంటారా?"

"వద్దు. ఆయన ఫోనుకు వస్తే ఆయనెవరో తెలుస్తుంది, మీరెవరో నాకెలా తెలుస్తుంది? సరే, చిరునామా చెప్పండి."

చిరునామా చెప్పింది. సరిపోయింది.

"బ్యాంకు ఖాతా ఏ శాఖలో ఉంది?"

"ఆయనే చూస్తారండీ."

"ఏం పని చేస్తారు?"

"బట్టలు కుడతాను."

"మీ పేరున లైసెన్సు ఏమైనా?"

"అది... ఆయన పేరుతో ఉందండీ."

అధికారి కళ్లజోడు పైకి తోసుకుని, "పుట్టిన తేదీ చెప్పండి," అంది.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఇది తెలుసు. చిన్నప్పుడు తల్లి ఎన్నోసార్లు చెప్పింది, వాన జోరున కురుస్తుంటే పుట్టావు, మంత్రసాని తడిసి ముద్దయి వచ్చిందని. "జూలై పదకొండు," అని ఏడాదితో సహా స్పష్టంగా చెప్పింది.

అధికారి కంప్యూటరు వంక చూసింది. "ఇంకోసారి ఆలోచించి చెప్పండమ్మా."

"జూలై పదకొండేనండీ. మా అమ్మ చెప్పింది."

"ఏడాది సరిపోయింది. రోజూ నెలా సరిపోలేదు."

బతుకులో ఆవిడకు కచ్చితంగా తెలిసిన నాలుగు విషయాల్లో అదొకటి. నిజం చెప్పింది, ఆ నిజమే ఆవిణ్ణి అబద్ధాలకోరును చేసింది. కళ్లనీళ్లు కుక్కుకుంటూ, "రేపు పొద్దున మా చెల్లెలికి గుండె ఆపరేషనండీ. దానికెవరూ లేరు. నేను కనపడాలి," అంది.

"నాకు అర్థమవుతోందమ్మా. కానీ వేరేవాళ్ల టికెట్టు మీద ఎక్కేవాళ్లు కూడా ఇక్కడ కూర్చుని ఇలాగే ఏడుస్తారు. నా కళ్లకు తేడా తెలియదు. నాకు కనిపించేది ఈ తెర ఒక్కటే."

అద్దం తలుపు బయట నిలబడ్డ ఆయనకు, తేదీ సరిపోలేదన్న మాట చెవినపడి, వ్యవహారం బెడిసికొట్టిందని అర్థమైంది. తోసుకుని లోపలికి వచ్చేశాడు.

"ఏమైందండీ? ఏ తేదీ చెప్పావే? అయ్యో నీ బంగారం కాను, అది కాదే, మార్చి మూడు!"

"మార్చి మూడు మీ పుట్టినరోజు కదండీ," అంది ఆవిడ అయోమయంగా.

ఆయన అధికారి వైపు తిరిగాడు. "కార్డు చేయించినప్పుడు నేనే రాయించాను మేడమ్. ఇద్దరికీ ఒకటే తేదీ అయితే గుర్తుంటుందని నాది వేయించేశాను. ఎక్కడ అడిగినా చెప్పేది నేనే కదా, తడుముకోకుండా ఉంటుందని."

అధికారి కంప్యూటరు మీంచి చేతులు తీసింది.

"ఎవరికి గుర్తుండాలని?" అంది అధికారి.

"నాకేనండీ."

"పుట్టింది ఆవిడ కదండీ!"

ఆయన తల వంచుకున్నాడు. అధికారికి కోపం వచ్చింది, దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"సార్, కార్డు పోవడం పెద్ద విషయం కాదు. రోజూ పోతుంటాయి. మీదీ పోయింది, అయినా మీరు మీరేనని ఫోను చెప్పింది, బ్యాంకు చెప్పింది, ఫ్యాక్టరీ చెప్పింది. ఈవిడకి ఆ ముక్క ఒక్కటి పోయేసరికి ఇంకేమీ మిగల్లేదు. ఇన్నేళ్లు ఒళ్లు వంచి పనిచేసిన మనిషి, నా ముందు కూర్చుని తనెవరో చెప్పుకోలేకపోయింది. ఇప్పుడు మీరు జవాబు చెప్పేశారు, ఇక ఈవిడని అడిగి లాభం లేదు. మీరు వెళ్లొచ్చు. ఈవిడని పంపలేను."

ఆయన బతిమాలాడు, చేతులు జోడించాడు, చివరికి వాదించాడు కూడా. లాభం లేకపోయింది. బయటికొచ్చాక, "పోనీ నేను వెళ్తాను. నువ్వు ఇంటికెళ్లి ఉండు, నేను మీ చెల్లిని చూసుకుంటాను," అన్నాడు.

ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసింది. జరిగింది ముక్తసరిగా చెప్పింది.

"బావగారు వచ్చి ఏం చేస్తారే?" అంది చెల్లెలు. "ఇది ఆడవాళ్ల వార్డు. మగవాళ్లని గేటు దాటనివ్వరు." మళ్లీ తనే, "పర్లేదులే అక్కా. నువ్వు కంగారుపడకు," అంది. ఆ పర్లేదులో ఎంత భయం ఉందో అక్కకి తెలియనిది కాదు.

విమానం ఎక్కగలిగిన మనిషి వార్డు గేటు దాటలేడు. గేటు దాటగలిగిన మనిషి విమానం ఎక్కలేదు. ఎంత భద్రంగా ఏర్పాటు చేశాడో చూడండి ఆ స్టోర్ కీపరు!

ఇద్దరూ చెల్లెలి ఊరికి బస్సు పట్టుకున్నారు. దారంతా ఆవిడ కిటికీ వైపు తిరిగే కూర్చుంది. ఆయన నీళ్లిస్తే తాగింది, తినమంటే తలూపింది, తినలేదు. తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది.

వాళ్లు ఆసుపత్రి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. చెల్లెల్ని ఎప్పుడో లోపలికి తీసుకెళ్లిపోయారు. వార్డు నర్సు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "మీరేనా అక్క? రెండుసార్లు ఆగమందండీ పాపం, మా అక్క వస్తుందని. డాక్టర్లు ఎంతసేపు ఆగుతారు? తలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది," అంది.

ఆవిడ అక్కడే గోడకు ఆనుకుని, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గేటు బయట బెంచీ మీద ఆయనకు ఆ ఏడుపు వినపడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అలా జరగకపోయుంటే ఈ కథ చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. సాయంత్రం చెల్లెలు కళ్లు తెరిచింది. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. "భయమేసిందే అక్కా," అంది, అంతే. మళ్లీ నిద్రలోకి జారుకుంది.

ఆవిడ బయటికొచ్చి బెంచీ మీద భర్త పక్కన కూర్చుంది.

"ఎలా ఉంది?"

"గండం గడిచింది."

"దేవుడు చల్లగా చూశాడు," అన్నాడాయన. ఖాళీ జేబు తడుముకుంటూ, "నేను నీ మంచికేనే, జాగ్రత్త కోసమని..." అంటూ మొదలుపెట్టాడు.

"కాదనను. బాగా జాగ్రత్త చేశారు," అంది ఆవిడ. గొంతులో కోపం ఉంది, కానీ అరుపు లేదు. "నీకు కోపంగా ఉందా అని మీరు అడగలేదు. నేనే చెబుతున్నాను, ఉంది. చెల్లి వెనక్కి తిరిగి చూసిందటండీ. అప్పుడు నేను అక్కడ లేను. ఆ నిమిషం ఇక నాకు ఎవరూ తెచ్చివ్వలేరు, మీరు కూడా."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఊరికెళ్లగానే నీకు కొత్త కార్డు నేనే దగ్గరుండి..."

"వద్దు," అంది ఆవిడ. "ఆఫీసుకి నేను వెళ్తాను. వరసలో నేను నిలబడతాను. నంబరు నాది ఇస్తాను, నేను పుట్టిన రోజు నేను చెప్పుకుంటాను."

"మళ్లీ పోతేనో?" అన్నాడు ఆయన. పాపం, అలవాటు.

అమ్మలారా, అయ్యలారా! మన ఇళ్లల్లో ఎందరు ఆడవాళ్ల పేర్లు, నంబర్లు, సంతకాలు ఇలా ఇంకొకరి జేబుల్లో భద్రంగా ఉన్నాయో ఒక్కసారి తడిమి చూసుకోండి. ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే, చూసుకోండి. 'మళ్లీ పోతేనో' అన్న ఆయన ప్రశ్నకు ఆ కుట్టుపని ఇల్లాలు ఇచ్చిన జవాబు కంటే నేను కొత్తగా చెప్పగలిగింది లేదు.

"పోతే పోనివ్వండి. ఎవరి గుర్తింపు వాళ్ల చేతిలో ఉండాలి. పోగొట్టుకున్నా నేనే పోగొట్టుకుంటాను, నేనెవరో నేనే చెప్పుకుంటాను."