సీనియమ్మాళ్ పెరట్లో ఎర్తింగ్

వాసుకి బాగుచేసిన కార్డులు తమిళుల ఆడి మాసంలో చచ్చిపోయేవి. వానలు పడే నెలల్లో బతికేవి. ఈ తేడా ఆమె కంటికి ఆనేసరికి తొంభై ఎనిమిదో సంవత్సరపు ఆడి కూడా సగం గడిచిపోయింది.

విరుదునగర్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, కోవిల్‌పట్టిలో నారాయణసామి ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని సర్వీసు పెట్టుకుంది వాసుకి. చుట్టుపక్కల నూలు మిల్లుల్లో కొత్త యంత్రాలు దిగాయి. ఒక్కో యంత్రం కడుపులో అరచేతంత పచ్చటి కార్డులు ఉండేవి. దారం తెగితే యంత్రాన్ని ఆపమని చెప్పేవి అవే. అవి చెడిపోతే కొత్తవి పరదేశం నుంచి రావాలి, వచ్చేదాకా యంత్రం ఖాళీగా నిలబడాలి. అందుకని మిల్లువాళ్లు వాసుకి దగ్గరికి తెచ్చేవాళ్లు. ఆమె పాడైన చిప్పు ఊడదీసి, కొత్తది అతికి, బల్ల మీద పరీక్ష చేసి, బాగుందనుకున్నాక బట్టల కొట్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బస్సెక్కేది. మిల్లులో ఆ కార్డు వారం పని చేసేది. ఒక్కోసారి అసలు పని చేసేదే కాదు.

విరుదునగర్ మిల్లులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ చెల్లదురై. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. చచ్చిన కార్డు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇది కూడా పోయిందమ్మా అనేవాడు, ఎవరింట్లోనో పెద్దాయన పోయిన సంగతి చెప్పినట్టు. ఆ ఏడు మూడోసారి కూడా అదే గొంతుతో అన్నాడు. అరిచి ఉంటే వాసుకికి అంత భయం వేసేది కాదు.

ఆడి అంటే అక్కడ గాలి. పడమటి నుంచి పొడిగా, దుమ్ము మోసుకుంటూ పగలంతా కొడుతుంది. కరిసెల్ అనే ఆ నల్లరేగడి నేల పగుళ్లిస్తుంది, పెదవులూ అంతే. అలాంటి ఒక మధ్యాహ్నం వాసుకి ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి కిటికీ ఊచ పట్టుకోబోయింది. వేలి కొసకూ ఊచకూ మధ్య చిటుక్కుమని నిప్పురవ్వ దూకింది. అది రోజూ జరిగేదే. నైలాన్ చీర కాళ్లకు అతుక్కోవడం, చేతి మీది నూగు నిక్కబొడుచుకోవడం, ఊచ కుట్టడం, ఇవన్నీ గాలి చేసే ఆగడాలని ఆమె అనుకునేది. ఆ రోజు మాత్రం వేలిని చూసుకుంటూ నిలబడిపోయింది. అదే వేలితో రోజూ చిప్పులు పట్టుకుంటోంది.

డిప్లొమాలో దీని మీద ఒక పాఠం ఉంది. పరీక్షకు రాదని మాస్టారు దాటవేశారు. పాత పుస్తకం వెతికి చదివింది. ఒంటి మీద పేరుకున్న కరెంటు మనిషికి చురుక్కుమనాలంటే చాలా చేరాలి. చిప్పు చావడానికి అందులో పిసరంత చాలు. అంతకన్నా తక్కువైతే గాయపడి, కొన్నాళ్లు బతికి, ఆ తర్వాత పోతుంది. చదివి పుస్తకం మూసి, తన చేతులతో తను చంపిన కార్డులన్నిటినీ ఒకసారి తలుచుకుంది.

మర్నాటి నుంచి నూలు చీరలు కట్టింది. ప్లాస్టిక్ కుర్చీ తీసేసి చెక్క స్టూలు వేసుకుంది. కవర్లు గది గడప తొక్కకూడదంది. కంప్యూటర్ల అంగడిలో విడిభాగాలు చుట్టి వచ్చే వెండి రంగు సంచులు చెత్తలో పారేస్తుంటే, అడిగి తెచ్చుకుని కార్డులు వాటిలో పెట్టింది. మధురై నుంచి మణికట్టుకు కట్టుకునే పట్టీ తెప్పించింది. ముఖం లేని గడియారంలా ఉండేది అది. దానికో పొడుగాటి తీగ. తీగ రెండో కొసను భూమికి కలిపితే, ఒంటి మీద చేరినది చేరినట్టే దిగిపోతుంది. వచ్చినవాళ్లు ఆ పట్టీ చూసి టైమెంత అని అడిగేవాళ్లు. ఆమె గోడ గడియారం చూసి చెప్పేది.

చిక్కు భూమి దగ్గర వచ్చింది. గోడ ప్లగ్గులో మూడు కంతలున్నాయి కానీ, విప్పి చూస్తే మూడోదాని వెనక తీగే లేదు. ఇల్లు కట్టినప్పుడు ఎవరో అందానికి పెట్టి పోయారు. పెరట్లో గుంట తవ్వుకుంటానని వాసుకి నారాయణసామిని అడిగింది. ఆయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసి ఇంట్లో కూర్చున్న మనిషి. ఎవరేం అడిగినా చేసుకోమంటాడు. చేసుకో పాపా అన్నాడు. ఆయన భార్య సీనియమ్మాళ్ అప్పుడు ఊళ్లో లేదు, కూతురి కాన్పుకని సాత్తూరు పోయింది. ఆమెకు చెప్పాలన్న సంగతి ఆయనకు తట్టలేదు.

వాసుకి కూలిమనిషిని పెట్టి రొమ్ములోతు గుంట తవ్వించింది. అడుగున రాగిరేకు నిలబెట్టి, దానికి తీగ బిగించి, చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు పోయించి మూసింది. రోజూ నీళ్లు పోయడానికి పైన ఒక గొట్టం మాత్రం వదిలింది. ఆ తర్వాత ఇచ్చిన కార్డుల్లో ఒక్కటీ తిరిగి రాలేదు.

సీనియమ్మాళ్ తిరిగి వచ్చింది. పెరట్లో కొత్త మట్టి, చుట్టూ చెదిరిన ఉప్పు, బొగ్గు ముక్కలు చూసింది. గుంటలోంచి ఒక తీగ బయలుదేరి కిటికీలోంచి లోపలికి పోయి, పెళ్లికాని ఒక ఆడపిల్ల మణికట్టు దగ్గర ఆగింది. ఇదేమిటని భర్తను అడిగింది. ఆ అమ్మాయి ఏదో పాతిపెట్టింది అన్నాడు నారాయణసామి. అంతకు మించి ఆయనకు నిజంగానే తెలీదు.

రెండు రోజుల తర్వాత వాసుకి విరుదునగర్ వెళ్లింది. చెల్లదురై ఆమె చేతిలో ఒక కార్డు పెట్టి, దీని చిప్పు మిల్లు మొత్తానికి ఒక్కటే మిగిలిందని, రేపు పొద్దున్నే కార్డు కావాలని చెప్పాడు. చిప్పును చిన్న డబ్బాలో విడిగా ఇచ్చాడు. ఆమె అటు వెళ్లిన పూటే ఇటు సీనియమ్మాళ్ చేతబడులు తీసే కోడంగి కరుప్పసామిని పిలిపించింది. అతను డమరుకంలాంటి ఉడుక్కు వాయించి, పెరడంతా తిరిగి, గుంట దగ్గర ఆగాడు. కొత్త మట్టి అక్కడే ఉంది కనక వెతకడం కష్టం కాలేదు. తవ్వించి రాగిరేకు పైకి తీసేసరికి వీధి వీధంతా గోడ మీదుగా చూసింది. చేతబడి పెద్దదేనని, వైప్పారు ఏట్లో కలిపేస్తానని చెప్పి రేకు సంచిలో వేసుకుని పోయాడు. ఆ నెలలో వైప్పారులో నీళ్లు లేవన్న మాట ఎవరూ ఎత్తలేదు.

వాసుకి బస్సు దిగి వచ్చి పట్టీ కట్టుకుంది. చిప్పు డబ్బా తెరిచే ముందు, తీగ భూమికి అందుతోందా అని మీటరు పెట్టి చూసుకోవడం ఆమె అలవాటు. మీటరు ముల్లు కదల్లేదు. తీగ వెంబడే పెరట్లోకి పోయింది. గుంట స్థానంలో వేపాకులు, కోసిన నిమ్మకాయలు ఉన్నాయి. సీనియమ్మాళ్ వాకిట్లో చాటతో మినుములు చెరుగుతోంది. ఇద్దరిదీ ఇంట్లో తెలుగే. కోపమొచ్చినా ఆ భాషలోనే వచ్చింది.

"పెద్దమ్మా, గుంటలో ఉండేది యాడికి పోయింది?"

"యాడికి పోవాల్నో ఆడికి పోయింది."

"అది చేతబడి కాదు. ఎర్తు. నా ఒంటి మీద చేరే కరెంటును భూమిలోకి దింపేదానికి పెట్టినాను."

సీనియమ్మాళ్ చాట కింద పెట్టింది. "నీ ఒంటి మీద చేరేదాన్ని మా పెరట్లో ఎందుకు దింపుతావు పాపా?"

అడిగిన తీరు చూస్తే వాసుకికి న్యాయమైన ప్రశ్నే అనిపించింది.

సీనియమ్మాళ్ పిండి రుబ్బాలంటూ లోపలికి పోయింది. వాసుకి వెనకే పోయింది, మాట ఇంకా తెగలేదు కనక. వంటింట్లో ఆమె రబ్బరు చెప్పులు తొడుక్కుని, పీట మీదికెక్కి, చెక్క గరిటె కాడతో గ్రైండరు స్విచ్చు నొక్కింది. నొక్కే ముందు మెల్లగా, చేసుకోనీ అత్తా, అంది.

ఆ అత్త ఎవరని వాసుకి అడిగింది. పోయిన అత్తగారని సీనియమ్మాళ్ మామూలుగా చెప్పింది. ఆమె బతికున్నన్నాళ్లూ రుబ్బురోలే. ఆమె పోయాక గ్రైండరు కొన్నారు. కొన్న కొత్తలోనే తాకితే చెయ్యి గుంజింది. రోలు పక్కన పడేసినందుకు కోపం అని సీనియమ్మాళ్‌కు అప్పుడే అర్థమైంది. అప్పటి నుంచి ఆమెతో ఒక మాట చెప్పాకే దాన్ని ముట్టుకుంటుంది.

వాసుకి నడుముకు దోపుకున్న టెస్టరు తీసి గ్రైండరు ఒంటికి ఆనించింది. ఎర్రగా వెలిగింది.

"చూస్తివా, ఆడనే ఉండాది," అంది సీనియమ్మాళ్.

వాసుకి ఆ వెలుగును కాసేపు చూసింది. మోటారు చెమ్మబట్టి కరెంటు కారుతోందని చెప్పవచ్చు. చెబితే ఈమె నమ్మడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలీదు. కార్డు రేపటికి కావాలి.

"భూమిలోకి దిగే దారి లేక ఇట్లా గుంజుతాండాది పెద్దమ్మా," అంది. ఎవరని చెప్పలేదు. తను అబద్ధం ఆడానా లేదా అని ఆ తర్వాత చాలాసార్లు తర్కించుకుంది.

సీనియమ్మాళ్ గ్రైండరు ఆపింది. దిగేటప్పుడు అత్తకు నొప్పి ఉంటుందా అని అడిగింది. ఉండదని వాసుకి చెప్పింది.

రాగిరేకు మళ్లీ యాడ దొరుకుతుందా అని వాసుకి ఆలోచిస్తుంటే, సీనియమ్మాళ్ అటక మీంచి అడుగు చిల్లుపడిన రాగి అండా దింపించింది. అత్తగారు నీళ్లు కాచుకున్నది. కొత్తదాంట్లోకైతే ఆమె పోదంది. వేపాకులు తీసేసి నారాయణసామి గుంట తవ్వాడు. ఇదంతా తన మూలానే వచ్చిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అయినా తనే పలుగు పట్టుకున్నాడు. ఉప్పు సీనియమ్మాళ్ జాడీలోది. వాసుకి గ్రైండరుకు మూడు తీగల వైరు మార్చి, మూడోదాన్ని గుంటకు కలిపింది. టెస్టరు వెలగలేదు. సీనియమ్మాళ్ మొదట వేళ్ల వెనక వైపు ఆనించింది. తర్వాత అరచెయ్యి పెట్టింది. పెట్టి అట్లాగే నిలబడింది.

"పోయింది," అంది.

ఆ రోజు పిండి కావలసినదానికన్నా ఎక్కువ నలిగింది.

వాసుకి పొద్దు వాలేలోపు పట్టీ కట్టుకుని చిప్పు అతికింది. మర్నాడు చెల్లదురై కార్డును యంత్రంలో దోపి, దారం చేత్తో తెంపాడు. యంత్రం ఆగింది. ముడివేసి, మళ్లీ తెంపాడు. మళ్లీ ఆగింది. ఆమెకు టీ తెప్పించి, మూల బీరువాలో పడున్న పాడైన కార్డులన్నీ చూపించాడు.

గుంటలో నీళ్లు పోయడం అప్పటి నుంచి సీనియమ్మాళ్ పని అయింది. పొద్దున్నే చెంబుతో వచ్చి, గొట్టంలో పోస్తూ, మనవడికి పళ్లు వస్తున్నాయనీ, ఈ ఏడు మినుముల్లో పురుగు ఎక్కువనీ చెప్పేది. కిటికీ ఇవతల వాసుకి టంకం పెడుతూ వినేది.

ఒక రోజు సీనియమ్మాళ్ కిటికీ దగ్గరికి వచ్చి, వాసుకి ఒంటి మీది నుంచి దిగేదీ అదే గుంటలోకే కదా అని అడిగింది. అవునంది వాసుకి. అదీ అత్తా ఇద్దరూ ఒకేచోట సర్దుకుంటారా అని అడిగింది. సర్దుకుంటారని వాసుకి చెప్పింది.

"ఆమె ఎవరితోనూ సర్దుకోలేదే," అని సీనియమ్మాళ్ ఇంకో చెంబు నీళ్లు తేవడానికి పోయింది.