పిట్టగోడ మీది అరచెయ్యి

దొరల కాలం నాటి వంతెనని పడగొడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి ఆరోగ్యమ్మకి ముద్ద దిగలేదు. నందిగామ అవతల ఆ వాగు దాటాలంటే మూడు తరాలుగా అదే దిక్కు. అయితే ఆమె దిగులు వంతెన గురించి కాదు, పిట్టగోడ మీదున్న అరచేతి గుర్తు గురించి.

ఒక ఏడు వరదకి పిట్టగోడ కొట్టుకుపోతే, మళ్ళీ కట్టిన తాపీ పనివాళ్ళు ఆఖరి రోజున పచ్చి సిమెంటు మీద తలా ఒక చెయ్యి అద్దారు. అది వాళ్ళ ఆనవాయితీ. వాళ్ళలో ఆమె పెనిమిటి వరప్రసాదరావూ ఉన్నాడు. ఆయన పోయి నలభై ఏళ్ళు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. లారీలు రాసుకుని మిగతా గుర్తులన్నీ చెదిరిపోగా మిగిలిన ఆ ఒక్కటీ ఆయనదేనని ఎప్పుడు నిశ్చయించుకుందో ఆమెకే గుర్తులేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ అందులో చెయ్యి పెట్టి, ఇంటి సంగతులన్నీ చెప్పుకునేది.

పొక్లెయిన్ నడిపే బెన్నిని బతిమాలితే, ఆ ముక్క వరకూ విడదీసి పక్కన పెట్టాడు. "ఇదిగో మామ్మా, తాతని జాగ్రత్తగా దింపా," అన్నాడు.

కొంగుతో దుమ్ము తుడుస్తుంటే పెనుగంచిప్రోలు ఆటోలోంచి ఒక ముసలామె దిగింది. పేరు సుభాన్‌బీ అంట. వస్తూనే ఆ ముక్క మీద చెయ్యి వేసింది.

"ఇది మా ఆయనదమ్మా, నాగూర్ బాషాది."

"నలభై ఏళ్ళ నుంచి పట్టుకుంటున్నా. నా మొగుడి చెయ్యి నాకు తెలీదా?"

"చిటికెన వేలు ఏదీ మరి?"

"వానకి అరిగింది."

"నాలుగు వేళ్ళని వదిలేసి దాన్నొక్కదాన్నే అరగదీసిందా వాన? మా ఆయనకి చిన్నప్పుడే మిషన్లో పడి తెగిపోయిందది."

ఆరోగ్యమ్మ వంగి చూసింది. అక్కడ సిమెంటు నున్నగా, తాపీతో తిప్పినట్టే ఉంది. ఏ వేలూ ఎన్నడూ దిగలేదు.

"అయితే ఇన్నేళ్ళూ నా మొగుడి చెయ్యి పట్టుకు తిరిగావన్నమాట," అంది సుభాన్‌బీ, నవ్విద్దామని.

ఆరోగ్యమ్మ నవ్వలేదు. అవతలి సగం వంతెన ఎప్పుడో లారీలకెక్కి పోయింది. తన పెనిమిటి చెయ్యి ఏ ముక్కలో వెళ్ళిందో. కూతురి పురుడు, గేదె ఈనడం, అన్నీ పరాయి మనిషికి చెప్పుకుందన్నమాట.

"తీసుకెళ్ళు," అంది చివరికి.

బెన్ని, ఆటో అతనూ కలిసి ముక్కని ఎత్తి పెట్టారు. సుభాన్‌బీ మాత్రం ఎక్కలేదు.

"మీ ఆయన పేరేంటి?"

"వరప్రసాదరావు."

"ప్రసాదా? మధ్యాహ్నం మా ఆయన క్యారేజీలో చేపల పులుసంతా ఊడ్చేసేవాడంట. అందుకని రెండు ముక్కలు ఎక్కువే పెట్టేదాన్ని."

చేపల వాసనే పడదని ఇంట్లో ఒక్కనాడూ వండనివ్వని మనిషి.

ఆరోగ్యమ్మ కంకర కుప్ప మీద కూలబడి, పక్కన చోటు చూపించింది. "ఆటోని కాసేపు ఉండమను. మా ఆయన గురించి మీ ఆయన ఇంకేం చెప్పేవాడో చెప్పు."