దొరగారి కుర్చీ

"కిందకి చూడకు. మింగు. ఆఁ, అదీ! మా బంగారమే!"

లిఫ్టమ్మ మాంసం ముద్దని వేళ్ళతో ఇంకాస్త మెదిపి దొరగారి నోటికి అందించింది. దొరగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, ముందుకాళ్ళు అడ్డుచెక్క మీద ఆనించి, ఎవరో బతిమాలితే తింటున్నట్టు తిన్నాడు. గోధుమరంగు ఊరకుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది ఎప్పుడూ వాలిపోయే ఉంటుంది. మింగినదాన్ని కిందికి నెట్టే శక్తి వాడి గొంతు గొట్టానికి పుట్టుకతోనే లేదు. నిలువుగా కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక కూడా చాలాసేపు అలాగే ఉంచాలి. తొందరపడి దించితే తిన్నది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో పడుతుంది. కింది వాటాలో ఉండే వడ్రంగి ఈ ఇరుకు కుర్చీ చేసిచ్చి, "మహారాజులకి కూడా ఇంత పొందిగ్గా కుదరదే అమ్మాయ్" అన్నాడు. ఆ రోజే వాడికి దొర అన్న పేరు ఖాయమైపోయింది.

దొర దగ్గాడు. నిన్నటినుంచీ ఉంది ఆ దగ్గు. చలిగాలికేలే అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది.

గడియారం చూసేసరికి డ్యూటీ టైము దాటిపోతోంది. "జనం లిఫ్టు దగ్గర పడిగాపులు పడుతుంటే నువ్వు ఇంట్లో కుక్కకి గోరుముద్దలు తినిపిస్తున్నావా?" అని ఆఫీసు మేనేజరు నిన్ననే అందరి ముందూ గడ్డిపెట్టాడు. ఆమె కుర్చీ పట్టీ ఊడదీసి వాణ్ణి కిందికి దించేసింది. ఈ వారంలో ఇలా ముందే దించడం ఇది మొదటిసారి కాదు. ఏమీ కాలేదు కదా అన్న ధీమా వచ్చేసింది.

"ఇవాళ్టికి చాల్లేరా దొరా. సాయంత్రం ఎక్కువసేపు కూర్చుందాం, సరేనా?"

ఆమె నడిపే ఆఫీసు భవనం లిఫ్టు పాతకాలంది; దానివల్లే ఆమె అందరికీ లిఫ్టమ్మ అయింది. ఇనుప జల్లెడ తలుపు, లోపల ఓ స్టూలు, చేతికి నున్నబడిన ఇత్తడి పిడి. లిఫ్టు గచ్చుతో సమానంగా ఆగేదాకా ఆమె ఎవర్నీ దిగనివ్వదు. ఎంతటి ఆఫీసరైనా సరే, "ఆగండి సార్, కాలు మడతపడుద్ది" అని చెయ్యి అడ్డం పెడుతుంది.

"దొరగారు కులాసానా?" అన్నాడు మూడో అంతస్తు గుమాస్తా ఎక్కుతూనే.

"ఆయనకేం, సింహాసనం మీద భోజనం."

అతను నవ్వుతూ దిగిపోయాడు. ఆమె నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది.

షెల్టరు వాళ్ళు అప్పగించిన జబ్బు కుక్కల్ని సాకి, మంచి ఇల్లు దొరగ్గానే పంపించడం ఆమె ఇష్టపడి ఒప్పుకున్న పని. చూపులేనిదాన్ని పంపింది, వెనక కాళ్ళు ఈడ్చేదాన్ని పంపింది. దొర దగ్గరికొచ్చేసరికి చేతులు రాలేదు. పోయిన నెల ఓ రిటైరైన టీచరమ్మ వాణ్ణి పెంచుకుంటానని వచ్చింది. రోజంతా ఇంట్లోనే ఉంటుందిట. దొర పక్కనే నేలమీద చతికిలబడి, "నా చేత్తో పెడితే తింటాడాండీ?" అని ఆశగా అడిగింది.

"తినడండీ. నేను తప్ప ఎవరు పెట్టినా ముట్టడు."

పచ్చి అబద్ధం! వాడు వడ్రంగి చేత్తో తింటాడు, గ్యాస్ బండ తెచ్చినవాడి చేత్తో తింటాడు, ఎవరు పెట్టినా తింటాడు. టీచరమ్మ మొహం చిన్నబోయింది. "అయితే వద్దులెండి. నా సరదాకి వాణ్ణి పస్తు పెట్టనా?" అని వాడి తల నిమిరి వెళ్ళిపోయింది. ఆరోజునుంచీ లిఫ్టమ్మకి ముద్ద కలిపినప్పుడల్లా ఆ మొహమే గుర్తొస్తోంది. సిగ్గులేని మనిషిని, నాకోసం వాడికి దొరికిన ఇల్లు చెడగొట్టాను అని తనని తాను తిట్టుకోని పూట లేదు.

మధ్యాహ్నం లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు పైకే అనుకుంటూ మాటలు వల్లించుకుంది. "టీచరమ్మగారూ, నేను అబద్ధం చెప్పాను. వాడు మీ చేత్తో కూడా తింటాడు. వచ్చి తీసుకెళ్ళండి." ఏడుపొచ్చింది. అయినా మనసు తేలికపడింది. సాయంత్రం ఫోను చేసి తీరాలనుకుంది.

ఇంటికొచ్చేసరికి వడ్రంగి మెట్లమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో దొర. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"మూలుగు వినిపిస్తే ఇప్పుడే పైకెళ్ళి తెచ్చానే. పద, డాక్టరు దగ్గరికి."

డాక్టరు వాడి గుండెకి స్టెతస్కోపు ఆనించి చూసి తల అడ్డంగా ఊపాడు. "తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయిందమ్మా. తినగానే దించేశారా?"

ఆమె నోరు తెరిచేలోపే వడ్రంగి అందుకున్నాడు. "ఛఛ, ఈ పిల్లా? తను తినకపోయినా వాడి దగ్గర కూర్చునే రకం అండీ!"

ఆమె తల వంచుకుంది. దొర ఆమె అరచేతిని ఒకసారి నాకాడు. కాసేపటికి నిలబడి ఉండే ఆ ఒక్క చెవీ వాలిపోయింది.

ఇంటికొచ్చి ఫోను చేసింది. "టీచరమ్మగారూ, దొర పోయాడండీ."

అవతలినుంచి టీచరమ్మే ఓదార్చింది. "మీరు ఏడవకండి. మీ చేత్తో తప్ప తినేవాడు కాదు కదా, నా దగ్గరకొచ్చుంటే ఎప్పుడో పస్తులుండి పోయేవాడు. మీరుండబట్టే ఇన్నాళ్ళు బతికాడమ్మా."

లిఫ్టులో వల్లించుకున్న మాటల్లో ఒక్కటీ ఆమె పైకి అనలేదు.

"అంతేనండీ," అంది.

ఫోను పెట్టేసి దీపం వేసింది. కుర్చీ అడ్డుచెక్క మీద ముద్ద మరక ఎండిపోయి ఉంది. పొద్దున హడావుడిగా ఊడదీసిన పట్టీ పక్కకి వేలాడుతోంది.