గోడ మీది నడుము

క్రిస్మస్‌కి చేసే నతీయా కలిపేటప్పుడు గరిటె ఆపకూడదు. పాలు, మొక్కజొన్న పిండి, బెల్లం కలిసి చిక్కబడే వేళకి చెయ్యి కాస్త ఆగినా అడుగంటుతుంది. అడుగంటితే మా అత్తగారు బెర్తిల్దా గిన్నె వాసన చూసి, "ఈ ఇంట్లో నతీయా నాతోనే పోయింది" అంటారు. ఆ మాట పెళ్ళయిన మొదటి డిసెంబరులో అన్నారు, ఇప్పటికీ అంటూనే ఉన్నారు. అందుకే ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం నుంచీ నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. పక్క పొయ్యి మీద జున్ను ఉండలు వేగుతున్నాయి. కింద షెడ్డులో మా ఆయన ఆల్బెయిరో, మరిది విల్మార్ రిపేరుకొచ్చిన కార్లని వీధిలోకి తోసి ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. పండగ అక్కడే, చోటున్నది అక్కడే.

"ఏమే రుబియెలా, ఇంకా కాలేదా? పొద్దున్నించీ ఆ ఒక్క గిన్నేనా?" కింద నుంచి మా ఆయన కేక.

ఈ ఏడు ఆల్బెయిరోకి ఓ సరదా పుట్టింది. వచ్చినవాళ్ళంతా తమ కుర్రతనంలో వెలిగిన కంపెనీ బట్టలే వేసుకురావాలట. దానికి కారణం లుసేర్నా జీన్సు. ఒకప్పుడు మా మెదెయిన్ ఊళ్ళో లుసేర్నా ప్యాంటు లేని కుర్రది కుర్రదే కాదు. తర్వాత బయటి దేశాల సరుకు వచ్చిపడి ఫ్యాక్టరీ మూతపడింది. ఈ సంవత్సరం ఎవరో ఆ పేరు కొనుక్కుని, అదే లేబులుతో, అదే కుట్టుతో మళ్ళీ మార్కెట్టులోకి దించారు. మా ఆయన మాత్రం చచ్చిన చుట్టం లేచొచ్చినట్టు సంబరపడిపోయాడు. "అప్పటి బట్ట అంటే బట్ట. ఇప్పటివి రెండు ఉతుకులకి దోమతెరలు" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ బట్టని ఎవరు ఉతికారో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

షెడ్డు గోడకి, పనిముట్ల పైన, అద్దం కట్టిన లుసేర్నా పోస్టరు ఉంటుంది. వెనక నుంచి ఓ అమ్మాయి, నడుము నుంచి మోకాళ్ళ దాకా. వెనక జేబులో బొటనవేలు దోపి, మిగతా వేళ్ళు బయటికి వదిలిన ఒక చెయ్యి. మొహం లేదు. ఆ రోజుల్లో బస్సు మలుపు దగ్గర ఈ బొమ్మనే మేడంత ఎత్తున కట్టారు. దాన్ని చూడటానికే సైకిలేసుకుని వెళ్ళేవాణ్ణని ఆల్బెయిరో ఇప్పటికీ చెప్పుకుంటాడు. శనివారం శనివారం ఆ అద్దాన్ని తనే తుడుస్తాడు. ఈ ఇంట్లో ఆయన తుడిచేది అదొక్కటే.

ఆ నడుము నాది.

పద్దెనిమిదేళ్ళప్పుడు లుసేర్నాలో వెనక జేబులు కుట్టేదాన్ని. కొత్త నమూనా వచ్చినప్పుడల్లా, సరిగ్గా ఆరో నంబరు ఒళ్ళున్న పిల్లని మిషను మీంచి లేపి, బల్ల మీద నిలబెట్టి, గుడ్డని ఆమె మీదే గుండుసూదులతో బిగించి చూసేవారు. ఆ పిల్లని నేను. కొలతలు పూర్తయ్యేదాకా అన్నం తినకూడదు, కడుపు ఉబ్బుతుందని. నా కాళ్ళ మధ్య సుద్దముక్కతో గీస్తూ మేస్త్రీలు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకునేవారు. నేను ఎదురు గోడ మీద గడియారం చూస్తూ నిలబడేదాన్ని. ఓ సాయంత్రం ఫ్యాక్టరీ డాబా మీదికి తీసుకెళ్ళి వెనక నుంచి ఫోటో తీశారు. ఇటు తిరగమని ఎవరూ అడగలేదు.

ఆల్బెయిరోతో పెళ్ళి మాట నడుస్తున్న రోజుల్లో, వీళ్ళింట్లో కాఫీ పోస్తూ బెర్తిల్దా నన్ను అడిగారు. "ఆ ఫ్యాక్టరీల్లో ఒళ్ళప్పగించి కొలిపించుకునే పిల్లలుంటారట కదమ్మా, నువ్వలాంటిదానివి కాదుగా? వాళ్ళు సంసారానికి పనికిరారు." జేబులు కుట్టే పని అన్నాను. అది అబద్ధం కాదు. అప్పటికి నాకు ఆల్బెయిరో కావాలి, చాలా కావాలి. ఆ కోరిక గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే జాలేస్తుంది.

చీకటి పడుతుండగా అందరూ వచ్చారు. విల్మార్ చిలకపచ్చ చొక్కాలో ఇరుక్కుని ఊపిరి బిగబట్టి తిరుగుతున్నాడు. ఆ పొట్టని ఎవరూ ఏమీ అనలేదు. ఇరవై నాలుగున కొత్తబట్ట ఒంటి మీద పడకపోతే ఏడాదంతా కలిసిరాదని మా దగ్గర నమ్మకం. అందుకే ఇచ్చిన బట్టని అక్కడికక్కడే వేసుకుని, కుర్చీల మధ్య ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూపించాలి. అందరూ చప్పట్లు కొట్టాలి. మా అమ్మాయి యూలియానా కొత్త గౌనులో నడిచింది. తర్వాత ఆల్బెయిరో నా ఒళ్ళో ఒక పొట్లం పెట్టాడు.

"విప్పవే, అందరూ చూస్తున్నారు."

లుసేర్నా జీన్సు. విల్మార్ లాక్కుని లేబులు చదివాడు. "ఆరో నంబరా? అన్నా, ఇది వదినకి ఒక కాలికి సరిపోతుంది."

"మీ వదినకి కాదురా. మీ వదిన లోపల ఎక్కడో కూరుకుపోయిన పిల్లకి."

అందరూ నవ్వారు. బెర్తిల్దా రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నాన్నా, వదిలెయ్యి," అంది యూలియానా.

"ఆచారం ఆచారమే. ఎక్కినంత మటుకు ఎక్కించుకుని రమ్మను."

స్నానాల గదిలోకి వెళ్ళాను. తొడల దగ్గర ఆగిపోయింది. విప్పేసి వచ్చేయొచ్చు. కానీ ఇన్నేళ్ళు ఈ ఇంట్లో నేను చెయ్యనని అన్న పని లేదు, ఆ అలవాటే నన్ను లాక్కొచ్చింది. పైన గౌను దించుకుని, కాళ్ళు కట్టిన కోడిలా కుర్చీల మధ్య నడిచాను. చప్పట్లు కొట్టారు. నేను పోస్టరు దగ్గరికి వచ్చేసరికి ఆల్బెయిరో లేచి అద్దం మీద అరచెయ్యి ఆనించాడు, ముద్దుగా, భుజం మీద వేసినట్టు.

"చూడు. ఆడదంటే ఇది. ఈ పిల్ల పెళ్ళయ్యాక కూడా ఇలాగే ఉండి ఉంటుంది, కావాలంటే పందెం."

"ఉండలేదు," అన్నాను. "అది నేనే."

ఇంకా గట్టిగా నవ్వారు. నేను కుడిచెయ్యి పోస్టరులోని చేతి పక్కన పెట్టాను. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో మిషను సూది దిగి చూపుడువేలి గోరు నిలువునా చీలింది. మళ్ళీ అతుక్కోలేదు. బొమ్మలోనూ అదే గోరు, అదే చీలిక. ఆ వేలితో ఆయనకి ఇన్నేళ్ళు అన్నం వడ్డించాను.

ముందు విల్మార్ నవ్వు ఆగింది. ఆల్బెయిరో గోరు చూశాడు, అద్దం చూశాడు, నా మొహం చూశాడు. ఆ కళ్ళల్లో సంతోషం వస్తుందేమోనని ఎదురుచూశాను. సిగ్గులేకుండా, నిజంగానే ఎదురుచూశాను.

"ఎవడు తీశాడు ఈ ఫోటో?"

"ఫ్యాక్టరీ వాళ్ళు."

"ఎంతమంది ఉన్నారక్కడ? ఊరంతా చూసింది కదే నిన్ను. నా పెళ్ళాన్ని."

"నువ్వూ చూశావు. సైకిలేసుకుని వెళ్ళి."

బెర్తిల్దా లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. గొంతు తగ్గించారు గానీ అందరికీ వినిపిస్తూనే ఉంది. "తమాషాకి అన్నానని చెప్పెయ్యమ్మా. అందరం మర్చిపోతాం. తమ్ముడి ముందు వాడి పరువేం కావాలి?"

ఎంత సులువైన మాట. తమాషాకి అన్నాను, కాస్త తాగాను, పదండి తిందాం అంటే చాలు, అందరూ ఊపిరి పీల్చుకుని ప్లేట్లు అందుకుంటారు. రేపు పొద్దున ఆ ప్లేట్లు కడుగుతూ నేను కూడా అది తమాషాయే అనుకుంటాను. వచ్చే శనివారం ఆయన మళ్ళీ అద్దం తుడుస్తాడు. యూలియానా కుర్చీలో ముందుకు వంగి నా నోటికేసే చూస్తోంది. అందరూ చూస్తుండగానే నేను ఆ జీన్సుని మోకాళ్ళ మీంచి కిందికి తోసి, కాళ్ళు బయటికి తీసుకుని, సరిగ్గా నిలబడ్డాను.

"తమాషా కాదు అత్తయ్యా."

ఆల్బెయిరో పోస్టరుని మేకు మీంచి తీసి, బొమ్మని గోడకేసి తిప్పి నేల మీద పెట్టాడు. చేతికి బురద అంటినట్టు ప్యాంటుకి రుద్దుకున్నాడు.

"ఇది నువ్వేనని తెలిసుంటే నిన్ను చేసుకునేవాణ్ణి కాదు."

"తెలుసు," అన్నాను. "అందుకే అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పిందీ అందుకే."