పున్నానికి జరిపిన పండగ

చేప మొప్ప ఎత్తి చూసిందంటే అది ఏ వేళకు వలలో పడిందో కాసులమ్మ చెప్పేస్తుంది. పెట్టె మూత మీద చెయ్యి ఆనించి లోపలి ఐసు ఇంకెన్ని గంటలు నిలుస్తుందో చెప్పేస్తుంది. అక్కుపల్లి ఒడ్డున చీకటుండగానే సరుకు పాడుకుని, ఎనిమిదింటికల్లా కాశీబుగ్గ మార్కెట్లో పట్టా పరిచే మనిషికి ఆ మాత్రం అంచనా లేకపోతే సాయంత్రానికి మిగిలేది కంపే. పదిహేనేళ్ళ బేరంలో ఆమె అంచనా తప్పిన రోజులు చేతివేళ్ళకు మించవు. అలాంటి మనిషి సొంత కూతురి బడి పండగ దగ్గర తప్పింది.

ఆమె భర్త సోములు మంగుళూరులో ట్రాలరు బోటు మీద వలలు లాగే కళాసీ. ఆగస్టులో వెళ్తే మళ్ళీ జూన్‌లో రావడం. అక్కడ వేట మూసిన రెండు నెలలే ఇంట్లో ఉంటాడు. కూతురు కుమారికి పదమూడేళ్ళు. ఏడాదికి రెండు నెలల చొప్పున చూస్తే, తండ్రీ కూతుళ్ళు ఒక కప్పు కింద గడిపింది ఇరవయ్యారు నెలలు. కాసులమ్మ ఈ లెక్క ఒకే ఒక్కసారి వేసింది. మళ్ళీ వెయ్యలేదు.

ఊరి బడి ఎనిమిదో తరగతి వరకే. ఏటా ఏప్రిల్‌లో వార్షికోత్సవం. ఒకటి నుంచి ఏడు దాకా ఏడు జరిగాయి, సోములు చూసినవి సున్నా. ఇది ఎనిమిదోది, ఆఖరుది. పైగా ఈసారి ఏడాది పొడుగునా బడిలో జరిగిన సంగతులన్నీ స్టేజీ మీద చదివే పని హెడ్మాస్టరు కుమారికి అప్పగించాడు. ఆ సంగతుల్లో ఆఖరుది కుమారి సంగతే. గురుకులంలో తొమ్మిదో తరగతి సీటు వచ్చింది. విజయనగరం అవతల. జూన్ పన్నెండున హాస్టల్లో చేరాలి.

"నాన్నకి నువ్వు సెప్పకమ్మా. నాను స్టేజీ మీద సదూతాను, ఫోన్ల ఇంటాడు" అంది కుమారి.

కాసులమ్మ వెంటనే ఒప్పుకుంది. నిజానికి ఆ కబురు తన నోటితో చెప్పనక్కర్లేదని గుండె తేలికపడింది. సీటు వచ్చిందంటే సోములు ఎగిరి గంతేస్తాడు. గంతేసి నేల మీద కాలు పెట్టేసరికి తెలుస్తుంది, తనకి సెలవు దొరికే రెండు నెలలూ పిల్ల హాస్టల్లో ఉంటుందని.

పండగ ఏప్రిల్ ఎనిమిదిన పెట్టారు. మార్చి ఆఖర్లో సోములు ఒడ్డుకొచ్చి ఫోన్ చేసినప్పుడు కుమారి ఆ తారీఖు చెప్పింది. అతను ఆ సాయంత్రమే మళ్ళీ సముద్రంలోకి పోయాడు. బోటు పోయిందంటే పది పన్నెండు రోజులు ఫోన్ మూగదే. కాసులమ్మ చూరు కింద కూర్చుని ఆలోచించింది. ఎనిమిదో తారీఖుకి వస్తాడా? రాడు. పన్నెండు పున్నం. పున్నానికి ముందూ వెనకా ఈ ఒడ్డున వల వేసే మగాడు లేడు. వెన్నెల్లో వల చేపకు కనిపిస్తుంది. అక్కడైనా సముద్రమే, చేపే. పున్నానికి ఒడ్డునుంటాడు.

మర్నాడు బడికి వెళ్ళింది. హెడ్మాస్టరు కూర్మనాథం టెక్కలి మనిషి, రిటైరుమెంటుకి ఏడాది ఉంది.

"మేస్టారూ, పండగ పన్నెండుకి జరపండి."

"రెండో శనివారం కదమ్మా. టీచర్లకి సెలవు. టెంటు కుర్రాడికి కూడా చెప్పీసేను."

"ఎనిమిదిన పెడితే మగోళ్ళంతా ఏటలో ఉంటారు. కుర్సీలకి సెప్తారా మీ కబుర్లు? పన్నెండు పున్నం. ఊరంతా ఒడ్డునే ఉంటాది."

కూర్మనాథం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కిందటేడు పండగకి వచ్చిన తండ్రులు ముగ్గురు, అందులో ఒకడు నిద్రపోయాడు.

"టీచర్లు గొణుగుతారమ్మా."

"భోజనాల్లోకి సేపలు నావి."

"ముళ్ళవా?"

"మీకు ముళ్ళు లేనివి. పిల్లలకి ముళ్ళు తీసుకోడం వొచ్చు."

అలా బేరం కుదిరింది. కాసులమ్మ చెప్పిన కారణంలో అబద్ధం లేదు, కాకపోతే పూర్తి నిజమూ లేదు. ఊరి మగవాళ్ళ కోసం అడిగినట్టు అడిగి, ఊళ్ళో లేని ఒక్క మగాడి కోసం తారీఖు మార్పించుకుంది. బడి గేటు దాటాక తనలో తానే నవ్వుకుంది.

ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుండగా, మార్కెట్లో వంజరం ముక్కలు కొడుతుంటే ఫోన్ మోగింది. సోములు. వీడియో. కాసులమ్మ కత్తి కింద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని ఎత్తింది.

తెల్ల చొక్కా వేసుకున్నాడు. తలకి నూనె పెట్టి పాపిడి తీశాడు. వెనక తాళ్ళ చుట్టల మీద నలుగురు కళాసీలు సినిమాకొచ్చినట్టు వరసగా కూర్చున్నారు.

"మొదలెట్టీసినారేటి?" అన్నాడు.

"ఏటి మొదలెట్టడం?"

"అదేటే. ఈవేళ ఎనిమిది కదా. మన కుమారి గుంట సెప్పింది. ఈళ్ళందరికీ సెప్పి కూకోబెట్టినాను."

కాసులమ్మ ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. "నువ్వు... పున్నానికి కదా వొచ్చేది?"

"పున్నమేటే? ట్రాలరుకి పున్నమేటి, అమాసేటి. అడుగు గీకీ వల అది. ఐసు అయిపోతే రావడమే. సేపల బేరం సేసీదానివి, నీకు తెలీదేటి?"

తెలుసు. ఎవరైనా అడిగి ఉంటే తనే చెప్పేది. అడిగేవాళ్ళు లేరు. తనూ ఎవర్నీ అడగలేదు.

"పండగ పన్నెండుకి మారింది" అంది. ఎవరు మార్పించారో చెప్పలేదు.

తెర మీద సోములు మొహం ఒక్క క్షణం కదల్లేదు. ఫోన్ ఆగిపోయిందేమో అనుకుంది. ఆగలేదు. వెనకనుంచి ఒకడు, "మరింకెందుకురా ఈ సొక్కా, ఇప్పీ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఎప్పుడెల్తారు మళ్ళీ?" అంది కాసులమ్మ.

"నాలుగింటికి. ఐసు ఎక్కుతంది. ఏట మూసీ ముందర ఆఖరి పాట్లు కదా, ఓనరు ఊపిరాడనివ్వడు."

"మూడింటికి ఫోన్ సేత్తాను. ఎత్తు. సొక్కా ఇప్పకు."

ఊళ్ళో ఫోన్ పలికేది బడిని ఆనుకుని ఉన్న తుఫాను షెల్టరు మేడ మీదే, పండగనాడు స్టేజీ చూపిద్దామనుకున్నదీ అక్కణ్ణుంచే. అంటే తను వెళ్ళాలి, పిల్లని మేడ ఎక్కించాలి. కాసులమ్మ లేచి చీర దులుపుకుంది. పక్క పట్టా మీద కళావతి కానాగంతలు అమ్ముతోంది. ఇద్దరిదీ ఒకే ఊరు, పదేళ్ళ పోటీ.

"నా సరుకు అమ్మీసి పెట్టు" అంది కాసులమ్మ.

"వంజరం వొదిలీసి పోతన్నావా? సూరీడు పడమట పొడిసినాడేటి?"

"పొడిసినాడు."

"ఎంతకిమ్మన్నావు?"

"నీ ఇష్టం."

కళావతి తలెత్తి ఆమె మొహం చూసింది. ఇంకేమీ వెటకారం చెయ్యకుండా వంజరం పెట్టె తనవైపు లాక్కుంది.

ఆటో నిండితే గాని కదలదు. ఖాళీ సీట్లన్నీ తనవేనని చెప్పి కాసులమ్మ ఒక్కతే ఎక్కింది. దారి పొడుగునా జీడితోటలు, తర్వాత కొబ్బరి, తర్వాత ఇసక. రోజూ ఈ దారిలో ఎవరి తోట ఎంత కాసిందో అంచనా కట్టుకుంటూ పోయేది. ఈవేళ ఏ చెట్టూ కంటికి ఆనలేదు.

ఒంటిపూట బడి అయిపోయి కుమారి ఇంట్లో అన్నం తింటోంది. చెయ్యి కడిగించి, నోటుబుక్కుతో సహా షెల్టరు మేడ ఎక్కించింది. మూడూ పది. ఫోన్ కలిసింది. తెల్ల చొక్కా అలాగే ఉంది. కళాసీలూ ఉన్నారు.

"ఇక్కడే సదూతాను నాన్నా. స్టేజీ అనుకో" అంది కుమారి.

ఉప్పుగాలికి పేజీ ఎగురుతుంటే కాసులమ్మ ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో పుస్తకం అంచు పట్టుకుంది. కుమారి గొంతు సవరించుకుని బడి భాషలో మొదలుపెట్టింది. ఈ ఏడాది మన పాఠశాలలో నూట పద్దెనిమిది మంది విద్యార్థులు చదువుకున్నారు. అక్టోబరు తుఫానులో వంటగది రేకులు లేచిపోగా, పదిహేను రోజులు కొబ్బరితోటలో వండారు. నాటిన జీడిమొక్కలు ముప్పయి, బతికినవి పదకొండు.

"సముద్రం పక్కన పదకొండంటే నయమే" అన్నాడు ఒక కళాసీ.

"ఇననీరా" అని సోములు వాడి మోకాలి మీద కొట్టాడు.

ఖోఖోలో మండలంలో రెండో స్థానం. సైన్సు మేస్టారికి బదిలీ. రెండో తరగతి పిల్లవాడొకడు ఏడాదిలో ఒక్క రోజు కూడా బడి మానలేదు. సోములు నోరు కొంచెం తెరుచుకుని వింటున్నాడు. అతనికి చదువు రాదు. కూతురు ఇంత గట్టిగా, ఇంత తడబాటు లేకుండా మాట్లాడగా అతనెప్పుడూ వినలేదు.

"ఎవుడు రాసిచ్చినాడు? మేస్టారా?"

"నానే రాసాను."

"ఉండు, ఉండు" అని సోములు వెనక్కి తిరిగి ఏదో అందుకున్నాడు. గొడుగు. నీలం రంగు, చెక్క పిడి, ఇంత పొడుగు. తెర నిండిపోయేలా విప్పాడు. "నిన్న కాదు, కిందటి పాటుకే కొన్నాను. హైస్కూలు అయిదు కిలోమీటర్లు కదా. జూను, జులై నానే దిగబెడతాను నిన్ను. రోజూ. ఇద్దరికీ సరిపోద్దని పెద్దది సూసి తీసినాను."

కుమారి వేలు ఆఖరి వాక్యం మీద ఉంది. కాసులమ్మకి ఆ వేలు కనిపిస్తోంది. అది చాలాసేపు అక్కడే ఉండి, తర్వాత మెల్లగా జారింది. కుమారి పుస్తకం మూసింది.

"ఇంకుందేటి?" అన్నాడు సోములు.

"లేదు నాన్నా. అయిపోయింది."

అటు ఇంజను మొదలైంది. ఎవరో కన్నడంలో కేక వేశారు. సోములు గొడుగు ముడవడానికి తంటాలు పడుతుండగానే తెర నల్లబడింది.

కాసులమ్మ ఫోన్ దించింది.

"ఎందుకు సదవనేదు?" అంది కాసులమ్మ.

"నువ్వూ పక్కనే ఉన్నావు, నువ్వెందుకు సెప్పనేదు?" అంది కుమారి.

ఇద్దరూ మెట్లు దిగారు.

పన్నెండున పండగ బ్రహ్మాండంగా జరిగింది. బోట్లన్నీ ఇసక మీద ఉన్నాయి. మగవాళ్ళంతా స్నానాలు చేసి, పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చారు. కుర్చీలు చాలక చాపలు తెచ్చారు. సముద్రం మీంచి చందమామ లేస్తుంటే కూర్మనాథం మైకులో, ఈ తారీఖు సలహా మన కాసులమ్మదేనని చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఊళ్ళో ప్రతి ఇంటికీ సరిపోయిన అంచనా అది. ఒక్క ఇంటికే పొసగలేదు.

కుమారి స్టేజీ మీద అంతా చదివింది. ఆఖరి వాక్యం కూడా చదివింది. గురుకులం అనగానే చప్పట్లు మోగాయి, కళావతి ఈల వేసింది. కాసులమ్మ ముందు వరసలో నిలబడి వీడియో తీసింది. నాలుగు నిమిషాల వీడియో. భోజనాలు వడ్డిస్తుండగానే షెల్టరు మేడ ఎక్కి సోములుకి పంపింది. ఒక టిక్కు పడింది. రెండోది పడదని తెలుసు, అయినా చల్లారిన మెట్టు మీద కూర్చుని చూసింది. కింద వెన్నెల్లో ఊరి తండ్రులు పిల్లలకు చేపముళ్ళు తీసి పెడుతున్నారు.

పదిహేను నుంచి ఈ ఒడ్డున వేట నిషేధం. కాసులమ్మ ఏటా లాగే ఎండుచేపలకు మారింది. ఐసుతో పని లేదు, తొందర లేదు. కావలసిందల్లా ఎండ. మార్కెట్లో ఫోన్ గంప పక్కనే పెట్టుకుని కూర్చునేది. బోటు ఏ రోజుకి వస్తుందో ఈసారి లెక్క వెయ్యలేదు.

పంతొమ్మిదో తారీఖు పొద్దున్న రెండో టిక్కు పడింది. కాసేపటికి రెండూ నీలమయ్యాయి. నాలుగు నిమిషాలు గడిచాయి. ఫోన్ మోగలేదు. పది గడిచాయి. ఎవరో నెత్తళ్ళు అడిగితే కళావతి వైపు చూపించింది. అరగంటకి మోగింది. ఈసారి వీడియో కాదు, మాటే.

"మళ్ళీ మళ్ళీ సూసినాను" అన్నాడు సోములు. "ఈళ్ళూ సూసినారు."

"ఊఁ."

"ఏ రోజు సేరాలి?"

"జూను పన్నెండు."

మే నెలాఖరుకి అక్కడ వేట మూస్తారు, రైల్లో రెండు రోజులు, ఎనిమిదో తొమ్మిదో రోజులు మిగులుతాయి. లెక్క దానంతట అదే నోటిదాకా వచ్చింది. కాసులమ్మ దాన్ని మింగింది.

"నువ్వే సెప్పు. ఏ రోజుకొస్తావు?"

"ఆఖరి పాటుకి ఎల్లనని అడుగుతాను. ఓనరు ఒప్పుకుంటాడో నేదో." తర్వాత అడిగాడు, "మరి గొడుగేటి సెయ్యను? గుంట ఒక్కర్తికీ పెద్దదైపోద్ది."

"తెచ్చీ. నువ్వొచ్చినాక వాన పడకపోదు. ఊళ్ళోనే తిరగండి ఇద్దరూ."

జూను మొదట్లో తమ ఉద్దానంలో చినుకు రాలదని ఆమెకు తెలుసు. ఫోన్ పెట్టేసి, ముందు పరిచిన ఎండుచేపల మీంచి తలెత్తి ఆకాశం వైపు చూసింది. ఎక్కడా మబ్బు లేదు. పక్కన కళావతి, "ఏటే అలా సూత్తన్నావు, వానొత్తాదని భయమేటి?" అంది.

కాసులమ్మ ఇంకాస్సేపు చూసింది.